నెలసరి ఆగే వయసుకు ముందే సిద్ధపడటం ఎలా? నలభై దాటిన ఆడవాళ్లకు సమగ్ర మార్గదర్శి

నాకు మొదటి ఆవిరి సంక్రాంతి పనుల్లో ఉండగా వచ్చింది. అరిసెల పాకం చూస్తున్నాను. ఉన్నట్టుండి గుండెల దగ్గర్నుంచి మెడ మీదుగా చెవుల దాకా వేడి ఎగదన్నింది. జాకెట్టు తడిసి వీపుకి అంటుకుపోయింది. పొయ్యి సెగ అనుకుని పెరట్లోకి వెళ్లాను. బయట చలిగాలి, అయినా చెమట కారుతూనే ఉంది. మూడు నాలుగు నిమిషాలకు దానంతట అదే చల్లారింది, వెనకాలే వణుకు వచ్చింది. నా వాలకం చూసి మా అత్తయ్య, "ఆవిర్లా అమ్మా? నాకూ నీ వయసులోనే మొదలయ్యాయి" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ మాట ఆవిడ నోటి వెంట వినడం అదే మొదటిసారి.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే పందిరి వేసి, చుట్టాలందరినీ పిలిచి, చిమ్మిలి దంచి పెడతాం. ముట్లు ఉడిగేటప్పుడు మాత్రం పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా చెప్పం. చెప్పుకోకపోవడం వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు. ఏం జరుగుతోందో తెలియక గుండె జబ్బేమోనని హడలిపోయేవాళ్లు ఉన్నారు, ఎవరో చెప్పారని గర్భసంచి తీయించేసుకున్నవాళ్లు ఉన్నారు. ముందే తెలిసి నాలుగు అలవాట్లు మార్చుకుంటే ఈ కొన్నేళ్లు బాగానే గడుస్తాయి. అనుభవంతో చెబుతున్నాను.

ముందు మాటలు తేల్చుకుందాం. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. అమెరికా, యూరప్ ఆడవాళ్లకు 51 దగ్గర. మార్పులు మాత్రం అంతకు నాలుగైదేళ్ల ముందే మొదలవుతాయి, ఆ కాలాన్నే పెరిమెనోపాజ్ అంటారు. అండాశయాల్లో అండాలు తగ్గిపోతున్న కొద్దీ ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతూ చివరికి బాగా పడిపోతుంది. ఆవిర్లు, చిరాకు, నిద్ర పట్టకపోవడం, కీళ్లనొప్పులు, గుండె దడ, చేతిలో ఉన్న తాళంచెవి కోసం ఇల్లంతా వెతకడం, ఇవన్నీ చాలావరకు ఆ ఎగుడుదిగుళ్ల వల్లే. 45 ఏళ్ల లోపే నెలసరి ఆగిపోతే, ముఖ్యంగా 40 లోపైతే, ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించుకోవాలి. ఎముకలకూ గుండెకూ ఈస్ట్రోజెన్ ఇచ్చే రక్షణ వాళ్లకు అన్నేళ్లు ముందే పోతుంది.

మొదటి అడుగు: పాల లెక్క పక్కన ఒక చుక్క

వంటింట్లో వేలాడే తెలుగు క్యాలెండర్‌లో పాల లెక్క ఎటూ రాస్తాం. నెలసరి మొదలైన రోజు దగ్గర ఎర్ర పెన్నుతో చుక్క పెట్టండి, ఆగిన రోజు దగ్గర అడ్డగీత గీయండి. ఆవిరి వస్తే "ఆ" అని, నిద్ర పట్టకపోతే "ని" అని రాయండి. ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, అవి వాడినా సరే. నాకు క్యాలెండరే బాగుంది, ఎందుకంటే ఆర్నెల్ల కాగితాలు చింపి తీసుకెళ్లి డాక్టరమ్మ బల్ల మీద పరిచాను. "పీరియడ్స్ ఎలా వస్తున్నాయి?" అనడిగితే "ఏదో ముందూ వెనకా వస్తున్నాయండీ" అని నీళ్లు నమలాల్సిన పని లేకపోయింది.

ఈ వయసులో నెలసరి ముందూ వెనకా కావడం మామూలే. కొన్ని మాత్రం మామూలు కాదు. గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోవడం, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడటం, ఎనిమిది రోజులు దాటినా ఆగకపోవడం, 21 రోజుల్లోపే మళ్లీ రావడం, మధ్యలో గానీ భార్యాభర్తలు కలిశాక గానీ రక్తం కనిపించడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా "వయసు కదా" అని సరిపెట్టుకోకండి. రక్తం ఎక్కువ పోయి హిమోగ్లోబిన్ పడిపోతే, వచ్చే నీరసాన్ని కూడా మెనోపాజ్ ఖాతాలో వేసేస్తాం.

రెండో అడుగు: గర్భసంచి జోలికి తొందరపడి వెళ్లకండి

ఈ విషయం దగ్గర కాస్త ఆగుతాను. మన రెండు రాష్ట్రాల ఆడవాళ్లకు దీనంత అవసరమైన మాట ఇంకోటి లేదు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశం మొత్తం మీద చూస్తే 3.3 శాతమే. దేశంలో మిగతావాళ్లకు రాని జబ్బులేమీ మన ఆడవాళ్లకు రావు కదా. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా, నెలసరి ఎక్కువైనా "పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు, తీసేస్తే పీడా పోతుంది" అనే మాట ఊళ్లలో అంతగా పాతుకుపోయింది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

మా పిన్నికి 33 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని దగ్గర్లోని టౌన్లో చూపిస్తే, "వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. ఆ భయంతో రెండెకరాల మీద అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించారు. మూడు నెలలు తిరగకుండానే ఆవిర్లు, ఒళ్లునొప్పులు. పద్నాలుగేళ్ల తర్వాత బోరు దగ్గర కాలుజారి మణికట్టు విరిగింది. అప్పుడు పాత కాగితాలు తీసి చూస్తే, గర్భసంచితోపాటు అండాశయాలు రెండూ తీసేసినట్టు రాసి ఉంది. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అండాశయాలు తీసేస్తే ఆ రోజుతోనే మెనోపాజ్ వచ్చేసినట్టు. అవి ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా, కొందరికి మెనోపాజ్ రావలసిన వయసు కన్నా ముందే వస్తుంది.

ఆపరేషన్ అసలు వద్దనడం లేదు. క్యాన్సర్ ఉన్నా, మందులకు లొంగని పెద్ద గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ఉన్నా, గర్భసంచి బాగా జారినా అది అవసరమే. కానీ ఒప్పుకునే ముందు డాక్టర్‌ని ఇవి అడగండి. నాకున్న జబ్బు పేరేంటి? స్కాన్‌లోనూ ముక్క పరీక్షలోనూ (బయాప్సీ) అది తేలిందా? మాత్రలతో తగ్గదా? రక్తస్రావం తగ్గించే హార్మోన్ లూప్ గర్భసంచిలో పెట్టవచ్చా? నెలసరి ఆగేదాకా ఆగితే ఈ ఫైబ్రాయిడ్లు వాటంతట అవే చిన్నవి కావా? చాలామందికి అవుతాయి కూడా. తీయక తప్పదంటే అండాశయాలు ఉంచుతారా? ఈ జవాబులు కాగితం మీద రాయించుకుని, ఆపరేషన్ చేసే ఆస్పత్రితో సంబంధం లేని ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. ప్రాణం మీదకు వచ్చిన కేసైతే తప్ప ఒక వారం ఆగినందువల్ల మునిగిపోయేది ఉండదు.

మూడో అడుగు: ఒకసారి ఒళ్లంతా చూపించుకోవడం

నలభై అయిదు దాటి, లక్షణాలు స్పష్టంగా ఉంటే మెనోపాజ్ అవునా కాదా అని తేల్చడానికి హార్మోన్ పరీక్షలు సాధారణంగా అక్కర్లేదు. ఈస్ట్రోజెన్ రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి ఒక రోజు రిపోర్టుతో తేలేది తక్కువ. డబ్బు పెట్టాల్సింది వేరే వాటి మీద: బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్, థైరాయిడ్. థైరాయిడ్ ఎందుకంటే, దాని లక్షణాలూ వీటి లక్షణాలూ అచ్చం ఒకేలా ఉంటాయి. దడ, చెమటలు, నీరసం, బరువు మారడం అన్నీ. మా పక్కింటి వదిన రెండేళ్లు మెనోపాజ్ అనుకుని ఓర్చుకుంది, తీరా చూస్తే థైరాయిడ్. దాంతోపాటు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ, డాక్టర్ చెప్పినదాన్నిబట్టి మామోగ్రామ్, అంటే రొమ్ముల ఎక్స్‌రే. ఎముకల స్కాన్ అందరికీ వెంటనే అవసరం లేదు. నెలసరి ముందే ఆగినవాళ్లకు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్లకు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్లకు ముందుగా చేస్తారు.

నాలుగో అడుగు: కంచం మార్చడం

నెలసరి ఆగాక మొదటి 5 నుంచి 7 ఏళ్లలో కొందరికి ఎముకల గట్టిదనం 20 శాతం దాకా తగ్గిపోతుంది. నొప్పి ఉండదు, తెలియదు. ఎక్కడో జారి పడినప్పుడు మణికట్టో తుంటో విరిగితేనే తెలుస్తుంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం వయోజన స్త్రీలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి, నెలసరి ఆగాక 1,200.

అంత ఎక్కడి నుంచి వస్తుందని భయపడకండి, మన వంటింట్లోనే ఉంది. గ్లాసు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, దాదాపు 240 వస్తుంది. గట్టి పెరుగు కప్పుడు తింటే ఇంచుమించు అంతే. యాభై గ్రాముల రాగిపిండితో సంగటి చేసినా జావ కాచినా 180. పప్పులో రెండు గుప్పిళ్ల మునగాకు వేస్తే 150. పెద్ద చెంచాడు నువ్వులు 120కి పైనే. ముళ్లతో సహా నమిలి తినే చిన్న చేపలు దొరికే ఊళ్లో ఉంటే మీ అదృష్టం. అంతా కలిపితే వెయ్యికి దగ్గరపడ్డారు. మిగతాది డాక్టర్ చెబితే మాత్రతో భర్తీ చేసుకోవచ్చు. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు అడగకుండా క్యాల్షియం మాత్రలు మొదలుపెట్టకూడదు.

నువ్వుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పెద్దమనిషి అయిన పిల్లకు చిమ్మిలి పెట్టమన్న మన పెద్దవాళ్ల మాట నలభై అయిదేళ్లకు కూడా పనికొస్తుంది. నువ్వులు దోరగా వేయించి, తగినంత బెల్లంతో రోట్లో దంచితే నూనె ఊరి ముద్దలా అవుతుంది. చిన్న నిమ్మకాయంత ఉండ రోజుకు ఒకటి చాలు. షుగర్ ఉంటే బెల్లం మానేసి, ఎండుమిర్చి తగ్గించి నువ్వులపొడి చేసుకుని అన్నంలో కలుపుకోండి.

ఇంకో లోటు మాంసకృత్తులది. మన కంచంలో అన్నం గుట్టగా, పప్పు పలచగా ఉంటుంది. 55 కిలోల బరువున్న మనిషికి రోజుకు సుమారు 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డులో ఆరు గ్రాములే. పప్పు గట్టిగా వండుకోండి, సాయంత్రం బజ్జీల బదులు ఉడికించిన శనగలో పెసలో తినండి, పెరుగు మానకండి. ముందు అందరికీ వడ్డించి, మిగిలింది మనం తినే అలవాటు ఉంది చూశారూ, దాన్ని ఈ వయసులోనైనా వదిలేయాలి. గుడ్డు కూర తక్కువైతే మీ గుడ్డు మీరు ముందే తీసి పెట్టుకోండి. అది స్వార్థం కాదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయా, అప్పడాలూ ఇష్టమైన ఇంట్లో ఇది కష్టమే. నేను పచ్చడిని మొదటి ముద్దకు మాత్రమే పరిమితం చేసుకున్నాను. విటమిన్ డి కోసం తెల్లవారుజాము లేత ఎండ పెద్దగా పనికిరాదు. పది, పదకొండు మధ్య చేతులకూ కాళ్లకూ కాసేపు ఎండ తగలాలి. రోహిణీ కార్తెలో మాత్రం ఈ ప్రయత్నం వద్దు.

అయిదో అడుగు: బరువులు ఎత్తడం

"పొద్దున్నుంచీ ఇంట్లో తిరుగుతూనే ఉంటాను, మళ్లీ వ్యాయామం ఏంటి?" అని అందరం అంటాం. ఇంటిపని అలుపు తెస్తుంది, ఎముకకు బలం ఇవ్వడానికి మాత్రం చాలదు. వారానికి 150 నిమిషాలు చురుకైన నడక కావాలి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. లీటరు నీళ్ల సీసాలు రెండు పట్టుకుని భుజాల మీదకు ఎత్తండి. గోడకు చేతులు ఆనించి ముందుకూ వెనక్కీ వంగండి. పాలు కాగేలోపు గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం నా అలవాటు, పడిపోకుండా ఉండటానికి అది చాలా మంచిది. మొదట్లో పది సెకన్లు కూడా నిలబడలేకపోయాను. మోకాళ్లనొప్పులు ఉన్నవాళ్లు ఫిజియోథెరపిస్టును అడిగి మొదలుపెట్టండి.

ఆరో అడుగు: ఆవిర్లు, నిద్ర

ఆవిరి వచ్చినప్పుడు కంగారుపడితే గుండె దడ పెరుగుతుంది. "వచ్చింది, నాలుగు నిమిషాల్లో పోతుంది" అనుకుని నెమ్మదిగా ఊపిరి వదలండి. నూలు చీర, నూలు నైటీ. కుండలో చల్లటి నీళ్లు, మెడ మీద తడి తువ్వాలు. క్యాలెండర్‌లో రాసిన "ఆ" అక్షరాలు ఇక్కడ ఉపయోగపడతాయి. ఏం తిన్నాక, ఏం తాగాక వస్తున్నాయో చూసుకోండి. నాకు సాయంత్రం ఫిల్టర్ కాఫీ తాగిన రోజు రాత్రి చెమటలు ఖాయం. కొందరికి కారం, మరిగే సాంబారు. బరువు ఎక్కువున్నవాళ్లు కాస్త తగ్గినా ఆవిర్లు తగ్గడం కనిపిస్తుంది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చి టెన్షన్‌తో దొర్లుతుంటే ఫోన్ ముట్టుకోకండి. లేచి కాసేపు కూర్చుని, నిద్ర వచ్చాక మళ్లీ పడుకోండి. పొద్దున లేచే టైమ్ మాత్రం మార్చవద్దు.

చిరాకు, ఊరికే ఏడుపు రావడం మీ స్వభావం మారిపోవడం కాదు, నిద్రలేమీ హార్మోన్లూ కలిసి చేసే పని. అయితే రెండు వారాలు గడిచినా దిగులు వదలకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే డాక్టర్‌తో చెప్పాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఏడో అడుగు: నోరు విప్పలేని విషయాలు

యోని పొడిబారి కలయిక నొప్పిగా మారడం, దగ్గితే తుమ్మితే మూత్రం పడటం, మాటిమాటికీ మూత్రంలో మంట. ఆవిర్లు కొన్నేళ్లకు తగ్గుతాయి, ఇవి మాత్రం పట్టించుకోకపోతే పెరుగుతాయి. పొడిబారడానికి లూబ్రికెంట్లు, మాయిశ్చరైజర్లు మందుల షాపులో దొరుకుతాయి. అవి చాలకపోతే డాక్టర్ రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది, అది ఒంటికి ఎక్కేది చాలా తక్కువ. మూత్రం పడటానికి కెగెల్ వ్యాయామం: మూత్రం మధ్యలో ఆపినట్టు కండరాలను అయిదు సెకన్లు బిగించి వదలడం, పదేసి సార్లు రోజుకు మూడుసార్లు. మూత్రం పోసేటప్పుడు మాత్రం చేయకూడదు. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇంకో మాట. నెలసరి తప్పుతోంది కదా అని జాగ్రత్తలు మానేయకండి, గర్భం రావచ్చు. చివరి నెలసరి 50 దాటాక అయితే ఏడాది, 50 లోపైతే రెండేళ్లు గర్భనిరోధకం వాడాలి.

భర్తకు ఇవన్నీ చెప్పాలి. నేను చెప్పకముందు మా ఆయన నాకు ఆయన మీద కోపమేమో అనుకున్నారట. చెప్పాక ఫ్యాన్ ఎంత స్పీడులో పెట్టాలన్న గొడవ మా ఇంట్లో ఆగింది.

హార్మోన్ మందుల మాట

ఆవిర్లు మరీ తట్టుకోలేనంతగా ఉంటే హార్మోన్ చికిత్స అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. దానివల్ల ముప్పు ఉందని 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చెప్పాక ప్రపంచమంతా ఈ చికిత్సకు భయపడింది. ఆ లెక్కలను వయసులవారీగా మళ్లీ పరిశీలించాక ఇప్పుడు డాక్టర్లు చెప్పేదేంటంటే, 60 ఏళ్ల లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతుల్లో ఎక్కువమందికి నష్టం కన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తనాళాల్లో గడ్డలు కట్టినవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ మాత్రలు ఒక్కటే వాడకూడదు, ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా తోడవ్వాలి. అందుకే పక్కింటివాళ్ల చీటీతో కొనకండి. హార్మోన్లు పడనివాళ్లకు వేరే మందులు ఉన్నాయి. డబ్బాల మీద "మెనోపాజ్ పౌడర్" అని రాసి అమ్మేవాటికి గట్టి ఆధారాలు తక్కువ, కొన్ని మీరు వాడే బీపీ మాత్రలతో పడకపోవచ్చు. కొనే ముందు డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

చివరి అడుగు: చివరి చుక్క

ఒక రోజు క్యాలెండర్ తిరగేస్తూ చూస్తే, ఆఖరి ఎర్రచుక్క పెట్టి పన్నెండు నెలలు దాటి ఉంటుంది. ఆ తర్వాత ఒక్క మరక కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది. కొందరిలో మాత్రం గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు అదే మొదటి గుర్తు, తొందరగా పట్టుకుంటే బాగా నయమవుతుంది. స్కాన్‌లో పొర మందం చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

తల్లికి ఏ వయసులో ఆగిందన్నది కూతురికి ఒక సూచన. నేను మా అమ్మను అడిగితే "ఏమోనే, నీ పెళ్లయిన ఏడాదో మరుసటేడో" అంది. నాది మాత్రం మా అమ్మాయికి తేదీతో సహా చెప్పాను. ఏ నెల, ఎన్నో ఏట, మొదటి ఆవిరి ఎప్పుడు వచ్చింది, అన్నీ అడిగి ఫోన్లో రాసుకుంది.